అవ్వ పాటకు అంటించిన ప్లాస్టరు

"మీ మామ ప్లేట్లు మీకు కావాల్నా, పాత సామాన్లాయనకు ఏసేదా? ఏదో ఒకటి తేల్చి చెప్పు పాపా" అని ఉదయగిరి నుంచి మా అత్త ఫోన్ చేసింది.

అత్త అంటే మా అమ్మకు అన్న భార్య. ఆమె ప్లేట్లు అన్నది పాటల రికార్డులను. మా మామ ఉదయగిరిలో మైక్‌సెట్టు అద్దెకిచ్చేవాడు. పెళ్ళిళ్ళకు, క్రిస్మస్‌కు, ఎలక్షన్లకు చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన హారన్లే పోయేవి. క్యాసెట్లు వచ్చాక రికార్డులను పెట్టెలో సర్దేశాడు. కొన్నాళ్ళకు మైక్‌సెట్టే మానేశాడు. ఆయన చనిపోయి ఏడాది దాటింది. రేకుల గదిలో ఆ పెట్టె అత్తకు అడ్డంగా ఉంది.

అప్పుడు నేను జాకెట్టు కత్తిరిస్తున్నాను, అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మా అమ్మ పక్కనే కూర్చుని కందిపప్పు ఏరుతోంది. అత్త మాట వినగానే చేట కింద పెట్టేసింది.

"వదినా, మాయమ్మ ప్లేటు దాంట్లో ఉండాదా?"

"నేనేం చూసినాను? ఉంటే దాంట్లోనే ఉంటాది. ఆయన ఏదన్నా పారేసిన మనిషా? కాలిపోయిన బల్బులు గూడా దాచిపెట్టినాడు."

నాకు నలభై దాటాయి. మా అవ్వ పాట రికార్డయిందన్న సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు. అవ్వ చర్చిలో బాగా పాడేదని విన్నాను, అంతే. ఆమెది ఒకే ఒక్క ఫోటో ఉంది. అందులోనూ ఫోటో తీసే సమయానికి తల తిప్పిందేమో, ముఖం చెదిరిపోయింది. నేను పుట్టకముందే పోయింది కాబట్టి నాకు ఆ చెదిరిన ముఖమే అవ్వ.

"అదేందిమా, ఇన్నేళ్ళల్లో ఒక్కసారన్నా చెప్పలేదే?" అన్నాను.

"చెప్పి ఏం చేసేది? మాయన్నను అడిగితే ముల్లు లేదు, మిషను పాడైంది అనేవాడు. నేనూ ఊరుకున్నాను." మళ్ళీ తనే అంది. "పాట గుర్తుండాది పాపా. అమ్మ గొంతే గుర్తు రావడంలా. ఎంత తలుచుకున్నా నా గొంతే వినబడతాది."

ఆ మాట అన్నాక నేను జాకెట్టు పక్కన పడేశాను. మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం.

అత్త మమ్మల్ని నేరుగా రేకుల గదిలోకి తీసుకుపోయింది. మామ హారన్లలో ఒకదాన్ని కోడిపిల్లల మీద బోర్లించి ఉంది, లోపలి నుంచి కిచకిచలు హారన్ గొట్టం గుండా పెద్దగా వినబడుతున్నాయి. "మీ మామ లేకపోయినా మైక్‌సెట్టు నడస్తానే ఉండాది" అంది అత్త. పెట్టె మూత తీస్తే దుమ్ము, ఎలుకల వాసన. లోపల నిలువుగా సర్దిన రికార్డులు. అట్టలు ఎప్పుడో చినిగిపోయినట్టున్నాయి, కొన్నిటికి వార్తాపత్రిక చుట్టి ఉంది, కొన్ని శుభలేఖల కవర్లలో దూర్చి ఉన్నాయి. ప్రతిదాని మీదా దెబ్బలకు అంటించుకునే తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద ఇంకుతో మామ దస్తూరీ. ఊరేగింపు. భోజనాలు. అప్పగింతలు. సినిమా పేరు ఎక్కడా రాయలేదు. పెళ్ళిలో ఏ పనికి ఏ పాటో, అదే ఆయనకు కావలసిన పేరు.

"భోజనాల పాట మూడు ఇళ్ళ అవతలికి వినబడేది" అని అమ్మ చెప్పింది. "పిలిచే పన్లేదు. ఆ పాట రాంగానే జనం చెంబులెత్తుకోని వచ్చేసేవాళ్ళు. రెండోసారి ఏస్తే రెండో బంతి అని అర్థం."

పెట్టె అడుగున దిండు గలీబులో చుట్టిన చిన్న రికార్డు ఒకటి దొరికింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. ఒక వైపు కాగితం మీద ఉదయగిరి సంఘం గాయక బృందం అని ఉంది, ఎవరి పేరూ లేదు. ఆ పైన మామ ప్లాస్టరు మీద "పండగ" అని రాశాడు. రెండో వైపు తిప్పితే కాగితం కనబడకుండా అడ్డంగా నిలువుగా ప్లాస్టరు అంటించి ఉంది. దాని మీద ఏమీ రాయలేదు.

అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "ఇదే" అంది. పెట్టెను మేము ఆటోలో బస్టాండుకు చేర్చేదాకా అత్తే మాట్లాడుతూ ఉంది: "తీసకపోండి, వాటికి తిండి పెట్టబన్లేదు, నీళ్ళు పొయ్యబన్లేదు. మీ మామ కంటే అవే నయం."

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆత్మకూరు శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వమే. అక్కడ కింది అరలో లావుపాటి విజ్ఞాన సంపుటాలు వరుసగా ఉంటాయి, వాటిని నేను తప్ప ఎవరూ కదిలించినట్టు కనబడదు. ఉదయగిరి నుంచి వచ్చిన మరునాడు సాయంత్రం నేరుగా అక్కడికే పోయి, శబ్దం గురించిన సంపుటం తీసి రికార్డుల పేజీలు చదివాను.

చదువుతుంటే కూర్చోలేకపోయాను. రికార్డు మీద కనబడే గీతలు చాలా గీతలు కాదట. అంచు దగ్గర మొదలై నడిమి దాకా చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గాడి. మనిషి పాడితే గాలి వణుకుతుంది, ఆ వణుకు ముల్లును వణికిస్తుంది, ముల్లు ఆ వణుకునే గాడి గోడలకు చెక్కుతుంది. తర్వాత ఇంకో ముల్లు అదే దారిలో నడిస్తే అదే వణుకు మళ్ళీ పుడుతుంది. అంతే! మంత్రం లేదు, కరెంటు కూడా తర్వాతి సంగతే. అంటే మా అవ్వ ఊపిరి ఆ గాడిలో గీతగా ఉంది. మా ఇంట్లో బీరువా మీద ఉంది.

ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాను. పూసల పనికి వాడే భూతద్దం తీసి, రికార్డును కిటికీ వెలుతురులో వంచి పట్టుకున్నాను. చదివినట్టే ఉంది. గాడి ఒకచోట సాఫీగా పోతోంది, ఇంకోచోట వంకర్లు తిరుగుతోంది. గట్టిగా పాడిన చోట వంకర పెద్దది, మెల్లగా పాడిన చోట చిన్నది.

"అమా, ఇట్రా! అవ్వ పాట కనబడతా ఉండాది!"

అమ్మ కన్ను చికిలించి చాలాసేపు చూసింది. "కనబడేది సరే, వినబడేది ఎప్పుడు?" అంది.

రికార్డులు తిప్పే మిషన్ ఫోన్‌లోనే ఆర్డరు పెట్టాను. సూట్‌కేసులా మూత వేసుకునేది, చిన్నది. ఈ కాలంలో ఇవి మళ్ళీ తయారవుతున్నాయని చూసి నాకు పండగలా అనిపించింది. అది వచ్చేలోపు రికార్డులను శుభ్రం చేయాలనుకున్నాను. గ్రంథాలయంలోనే ఒక పాత పత్రికలో ఆ పద్ధతి దొరికింది. దాన్ని ఇంట్లో అమ్మకు వివరంగా చెప్పాను. చప్పటి నీళ్ళలో, ఘాటు లేని సబ్బుతో కడగాలి. కడిగాక తేమ అనేది లేకుండా ఆరుబయట బాగా ఆరబెట్టాలి. తేమ ఉంటే గాడిలో బూజు పడుతుంది.

ఆ మర్నాడు కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి చేజర్ల పోయాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మ వరండాలో కూర్చుని, పెద్ద పని ముగించినదానిలా విసనకర్రతో విసురుకుంటోంది. పక్కన బక్కెట్లో కుంకుడుకాయ నురగ.

"సబ్బు ఘాటని కుంకుడు రసంతో కడిగినాను" అంది సంతోషంగా. "తేమ అనే మాట లేకుండా ఆరబెట్టినాను. పొయ్యి చూడు."

"యాడ ఆరబెట్టినావు?"

"మిద్ది మీద. ఇంకెక్కడ?"

ఏప్రిల్ నెలలో ఆత్మకూరు మిద్దె ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చెప్పులు లేకుండానే మెట్లెక్కాను, పైన కాళ్ళు కాలి గంతులేశాను. పాత నూలు చీర పరిచి, వడియాలు పెట్టినట్టు రికార్డులన్నీ వరసగా పరిచింది. గాలికి ఎగిరిపోకుండా అంచుల మీద చిన్న చిన్న రాళ్ళు కూడా పెట్టింది. అన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా లేచాయి. ఒకటి అంచులు పైకి తిరిగి గిన్నెలా అయింది. రాయి బరువుకు ఇంకోటి కిందికి జారి చీర మడతను అచ్చు వేసుకుంది. అవ్వ రికార్డు ఒక పక్క ఎత్తుగా లేచి గొడుగులా ఉంది.

అన్నిటినీ చీరతో సహా ఎత్తుకుని కిందికి తెచ్చాను. అమ్మ చూసింది. విసనకర్ర ఆగిపోయింది.

"పోయిందా?" అంది. అవ్వ రికార్డును ముట్టుకోవడానికి కూడా చెయ్యి చాపలేదు. "వడియాలు అట్టనే గదా ఆరబెడతాం. నేనేమనుకున్నానంటే..."

ఆమె చేసిన దాంట్లో తప్పేముంది? ఆరుబయట బాగా ఆరబెట్టాలని చదివి చెప్పింది నేను. ఆ పత్రికలో రాసినాయన ఊళ్ళో ఎండ ఎట్లా ఉంటుందో, మన ఊళ్ళో ఆరుబయట అంటే ఏమిటో ఆయనకు తెలియదు. మా ఇంట్లో ఆరబెట్టడమంటే మిద్దె మీద ఆరబెట్టడమే. మిరపకాయలైనా, వడియాలైనా, రికార్డులైనా.

"ఏడవబాకమా, ఉండు" అన్నాను. నిజానికి నాకే ఏడుపు వస్తోంది. కానీ అదే సమయంలో బుర్రలో ఏదో గిరగిర తిరగడం మొదలైంది. ఎండకు మెత్తబడి వంగిన వస్తువు, ఎండకే మెత్తబడి చదును కావాలి కదా! ప్లాస్టిక్ సంగతి ఇంకో సంపుటంలో ఎప్పుడో చదివాను: వేడికి లొంగుతుంది, చల్లారేటప్పుడు ఎట్లా ఉంటే అట్లాగే గట్టిపడుతుంది. అయితే చల్లారేదాకా దాన్ని చదునుగా పట్టి ఉంచేది ఏదన్నా కావాలి.

హాల్లో షోకేసు కనబడింది. బొమ్మలు, ప్లాస్టిక్ పూలు, నాకు స్కూల్లో ఇచ్చిన కప్పులు అన్నీ దించి మంచం మీద పోశాను. అద్దం అరలు రెండు లాగాను.

"ఇంటికి ఎవురన్నా వస్తే ఏమనుకుంటారే?" అంది అమ్మ. అంత దుఃఖంలోనూ ఆమెకు షోకేసు బాధ ఉంది.

అవ్వ రికార్డుతో ప్రయోగం చేసే ధైర్యం లేదు. ముందు "భోజనాలు" అని రాసి ఉన్న సినిమా రికార్డును రెండు అద్దాల మధ్య పెట్టి, మర్నాడు పొద్దున లేత ఎండలో ఉంచాను. ప్రతి కొంచెం సేపటికీ పోయి చూశాను. అద్దం కింద వంపు మెల్లగా అణుగుతోంది! పూర్తిగా అణిగాక అద్దాలతో సహా నీడలోకి తెచ్చి, పైన దుప్పటి మడతేసి, దాని మీద బియ్యం మూట పెట్టాం. సాయంత్రం మూట దించి అద్దం తీస్తే రికార్డు నేల మీద పెట్టిన పళ్ళెంలా కూర్చుంది. నేను గట్టిగా కేక వేశాను. అమ్మ ప్రార్థన చేసుకుంది. మరుసటి రోజు అవ్వది పెట్టాం. ఆ రోజంతా అమ్మ బియ్యం మూట పక్కనే కూర్చుంది, అన్నం కూడా అక్కడే తింది.

సాయంత్రం తీసి చూస్తే అంచు దగ్గర చిన్న అల తప్ప అంతా చదునుగా ఉంది.

మిషన్ శనివారం వచ్చింది. "ఇదేంది, మంగలాయన పెట్టి మాదిరిగా ఉండాదే" అంది అమ్మ. ఆదివారం చర్చి నుంచి రాగానే, కోక కూడా మార్చుకోకుండా ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. ముందుగా, ఈలోపు అట్లాగే చదును చేసిన వేరే రికార్డులు వేసి చూశాను. ముల్లు దించగానే రేకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడు, అందులోంచి తబలా, ఆ తర్వాత గొంతు! ఫోన్‌లో ఎన్ని వేల పాటలు విన్నానో, ఏ పాటకూ నా ఒళ్ళు ఇట్లా జలదరించలేదు. ఫోన్‌లో పాట ఎక్కడుందో నాకు తెలియదు. ఇక్కడ నా కళ్ళ ముందే తిరుగుతోంది, వేలు పెట్టి ఆపితే ఆగుతుంది. స్పీకర్ పూర్తిగా తగ్గించి చెవి ఆనిస్తే ఉత్త ముల్లే సన్నగా పాడుతోంది, చీమ పాడినట్టు! ఆ వింత కోసం ఒకే పాటను ఎన్నిసార్లు పెట్టానో.

"చాల్లే నీ ఆటలు. అమ్మను పెట్టు" అంది అమ్మ.

"పండగ" అని రాసిన వైపు పెట్టాను. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టాను. ముల్లు దించాను. లోపలి నుంచి మొద్దు నిద్రలో ఉన్న మగవాడు మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. అమ్మ ఉలిక్కిపడింది.

"మాయమ్మ గొంతు ఇంత బండగా ఉండదే!"

తిరిగే వేగం తప్పు పెట్టాను. చిన్న రికార్డులు ఇంకా జోరుగా తిరగాలి. మీట మార్చాను. ఇప్పుడు క్రిస్మస్ పాటే, తాళం తెలుస్తోంది. కానీ గొంతులు లేవు. కుండపోత వానలో అవతలి వీధిలో ఎవరో పాడుతున్నట్టుంది. అమ్మ స్పీకర్‌కు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని పాట అయ్యేదాకా వింది.

"అమ్మ యాడుండాది?" అంది చివరికి.

భూతద్దం పెట్టి చూశాను. నేను ముందు కిటికీ దగ్గర చూసింది రెండో వైపని అప్పుడు తెలిసింది. ఈ వైపు గాడి బూడిద రంగుకు తిరిగింది. మామ ప్రతి క్రిస్మస్‌కూ తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా తన తల్లి పాటే పెట్టేవాడట. అప్పటి మిషన్ల ముల్లు బరువైనది. ముల్లు నడిచిన ప్రతిసారీ గాడి గోడలు కాస్త అరుగుతాయని పుస్తకంలో ఉంది. అట్లా కొడుకు ప్రేమగా వినీ వినిపించీ తల్లి గొంతును అరగదీశాడు.

ఇక ప్లాస్టరు అంటించిన వైపే మిగిలింది. ఆ వైపు గాడి నల్లగా నిగనిగలాడుతోంది. "దీంట్లో ఏముండాదిమా?" అని అడిగితే అమ్మ తల పక్కకు తిప్పుకుంది. నేను అత్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"దాన్ని ఇంట్లో పెట్టబాక మే!" అంది అత్త గట్టిగా. "అది సమాధి పాట. శవాన్ని లేపేముందు పాడతారే, అది. మీ మామ ఒకసారి వరికుంటపాడు పెళ్ళిలో చూసుకోకుండా ఆ పక్క పెట్టేసినాడు. భోజనాల మధ్యలో! సగం బంతి లేచి నిలబడింది. మగపెళ్ళోళ్ళు మీ మామను, హారన్లను కలిపి బండెక్కించి పంపినారు. డబ్బులు గూడా ఇయ్యలా. ఆ రోజు ఇంటికి వచ్చి ప్లాస్టరు ఏసినాడు. మళ్ళ దాన్ని తియ్యలా."

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఆ పాటంటే అంత భయం. చావు లేని ఇంట్లో ఎవరూ పాడరు. చిన్నప్పుడు నేను తెలియక కూనిరాగం తీస్తే అమ్మ నోటి మీద కొట్టింది. ఆ భయం వల్లే ఆ పెళ్ళిలో తప్ప ఆ వైపు ముల్లు పెట్టినవాళ్ళు లేరు. ముల్లు పెట్టకపోవడం వల్లే అది అరగలేదు! నాకు ఇది తట్టగానే కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. కానీ నిర్ణయం నాది కాదు. ఇంట్లో పెద్దది అమ్మ. ఆమెకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. సమాధి పాట పెట్టుకోమని నేను ఎట్లా చెప్పేది?

అమ్మ రికార్డును ఒళ్ళోకి తీసుకుంది. ఫోన్‌లో అత్త ఇంకా "పెట్టబాకండి" అంటూనే ఉంది.

"వదినా, నువ్వు ఫోన్ పెట్టెయ్యి" అంది అమ్మ. నాతో, "కొబ్బరినూని తేపో" అంది.

తనే దూదితో నూనె అద్ది, గాడికి తగలకుండా, పసిబిడ్డ మాడుకు నూనె రాసినంత మెల్లగా ఆ ప్లాస్టరు తీసింది. కింద కాగితం కొత్తదిలా ఉంది. నేను మళ్ళీ ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ముల్లు దించాను.

చినుకుల చప్పుడే లేదు. ఆ తర్వాత హార్మోనియం ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆడగొంతులు ఒక్కసారిగా లేచాయి, ఎంత స్పష్టంగా అంటే నేను వెనక్కి జరిగాను. అమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. మొదటి చరణం మొదటి వరస అయింది. అందరూ ఆపారు. ఒక్క గొంతు మాత్రం ఆపలేదు. అందరూ ఆపాక ఆ గొంతు ఒక్కటే చివరి అక్షరాన్ని ఇంకొంచెం దూరం తీసుకుపోయి, అప్పుడు వదిలింది.

"అదే!" అంది అమ్మ. "అందరూ ఆపినాక ఆపేది. పాస్టరుగారు తిట్టేవాడు. మద్రాసుకు పొయ్యి ఈ ప్లేటుకు పాడేటప్పుడు గూడా మానలా! అదే పాపా, అదే, అదే..."

రెండో వరస. మళ్ళీ అందరూ ఆపారు. మళ్ళీ ఆ గొంతు ఒక్కటే మిగిలింది, సన్నగా, తేటగా. సరిగ్గా అప్పుడు వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. పక్కింటామె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, జుట్టు విడిపోయి, పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది.

"ఎవురు పోయినారే? అయ్యో, అక్క పోయిందా?"

ఎదురుగా కూర్చున్న అమ్మను చూసి కొయ్యబారిపోయింది.

"ఎవురూ పోలా" అంది అమ్మ తల తిప్పకుండానే. "మాయమ్మ పాడతా ఉండాది. నోరు మూసుకోని కూసో."

ఆమె నోరు మూసుకుని ఉన్నచోటే కూర్చుంది. పాట చివరిదాకా నడిచింది. చివరి వరస చివరి అక్షరం కూడా అందరి తర్వాత ఆగింది. ముల్లు ఖాళీ గాడిలో తిరుగుతుంటే ఎత్తి పక్కన పెట్టాను.

"నువ్వే పోయినావనుకున్నానక్కా" అంది పక్కింటామె కళ్ళు తుడుచుకుంటూ. "పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చినాను. ఎవురు పాడింది? మీ అమ్మా? ఎంత చిన్న గొంతు! పెళ్ళి గాని పిల్ల మాదిరిగా ఉండాదే!"

అమ్మ చేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఏదో లెక్క వేసుకుంది. "నాకు పదేళ్ళప్పుడు పాడింది" అంది మెల్లగా. "ముప్పై గూడా ఉండవు ఆమెకు." నా వైపు చూసింది. "నా కంటే చిన్నది గదే. నీ కంటే గూడా చిన్నది. నేనేమో ముసిలి గొంతు కోసం ఎతుకతా ఉండాను ఇన్నాళ్ళు. అందుకే గుర్తు రాలా."

ఆమె ముఖంలో ఏడుపు లేదు. బడి నుంచి వచ్చిన పిల్ల ఏదో చూసి వచ్చి చెప్పినట్టుంది.

నేను ఫోన్ తీసి రికార్డింగ్ వినిపించాను. పాట మధ్యలో తలుపు ధడాలుమనడం, "ఎవురు పోయినారే" అన్న కేక, దాని మీద అమ్మ కసురు, అన్నీ పడ్డాయి. పక్కింటామె సిగ్గుతో కొంగు ముఖానికి కప్పుకుంది. ఇంకోసారి శుభ్రంగా రికార్డు చేస్తానని అన్నాను.

ఇంతలో వీధిలో అలికిడయింది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర చర్చి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. పక్కింటామె ఇంట్లోంచి పరుగెత్తడం చూసి అందరూ వచ్చేశారు. ఒకామె చేతిలో బైబిలు, పాటల పుస్తకం కూడా ఉన్నాయి. ఎవరు ముందు లోపలికి రావాలో తెలియక ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. పక్కింటామె వాళ్ళను పంపించేస్తానని లేచింది.

"ఎందుకు పంపేది?" అంది అమ్మ. "చావుకని వచ్చినోళ్ళు, ఊరికే పోతే బాగుండదు. లోపలికి రమ్మను. పాపా, టీకి నీళ్ళు పెట్టు. ముందు మిషను తిప్పు."

"పెట్టిన ప్రతిసారీ అరుగుతాదిమా" అన్నాను. "ఫోన్‌లో ఉండాది గదా, అది వినిపిద్దాం."

"ఫోన్‌లో దీని అరుపుండాది. అరిగితే అరగనీ. యాభై ఏళ్ళు దాచిపెట్టింది ఎందుకూ?"

ఆడవాళ్ళు లోపలికి వచ్చి, బతికున్న అమ్మను చూసి, నవ్వాలో తిట్టాలో తెలియక షోకేసు ముందు వరసగా కూర్చున్నారు. అద్దాలు లేని షోకేసును ఒకామె వింతగా చూసింది. అమ్మ చెప్పిందంతా విన్నాక వాళ్ళలో ఎవరికీ భయం మిగిలినట్టు లేదు. ఆ పాట వాళ్ళందరికీ కంఠతా వచ్చు. నేను ముల్లు అంచు మీదికి తీసుకురాగానే ముందు వరసలో ఒకామె గొంతు సవరించుకుంది.

అమ్మ చెయ్యి ఎత్తింది.

"ఎవురూ గొంతు కలపబాకండి. మా అమ్మను పాడనీయండి."

అందరూ నోళ్ళు మూసుకున్నారు. నేను ముల్లు దించాను.